చిలుకమ్మ వేలిముద్ర

పోయిన వారం కృపమ్మను ఆఫీసు గది గుమ్మంలో, చేతిలో కమిటీ తీర్మానంతో నిలబెట్టి వచ్చాం. హనుమకొండ ఆదరణ గృహంలో మొదటి నుంచీ దిక్కులేని తల్లులు పిల్లలతో కలిసే ఉంటున్నారు, కుటుంబానికొక గది చొప్పున. ఇక మీదట పిల్లలను మాత్రమే ఉంచుకుంటామనీ, తల్లులు నెలాఖరుకల్లా ఖాళీ చేసి పోవాలనీ కొత్త సెక్రెటరీ సుందర్ రావు కమిటీ చేత తీర్మానం చేయించాడు. ఆ మాట తొమ్మిదిమంది తల్లులకూ చెప్పవలసిన బాధ్యత మేట్రన్ కృపమ్మది. ఒకప్పుడు పోశయ్య అనే పేరుతో ఇదే గృహంలో తల్లి పక్కన పడుకున్న పిల్లవాడే ఈ సుందర్ రావు. ఆ సంగతి కృపమ్మకు తెలుసు. ఆమెకు తెలుసునని అతనికీ తెలుసు. అతను సెక్రెటరీగా వచ్చి మూడు నెలలైనా ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

తీర్మానం చేతికి వచ్చి నాలుగు రోజులైంది. అది అరవై మూడో సంవత్సరం, జూలై నెల. నాలుగు రోజులూ కృపమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. తెల్లవారుజామున లేచి వంటశాల తాళం తీసింది. బియ్యం కొలిచి ఇచ్చింది. జ్వరం తగిలిన పిల్లను దవాఖానకు పంపింది. కుట్టు నేర్పే టీచరు రాకపోతే కబురు పెట్టి పిలిపించింది. చేయవలసిన పనులన్నీ చేస్తూనే ఆ కాగితాన్ని రవికెలో పెట్టుకుని తిరిగింది.

సాయంత్రం పూట తల్లులు వరండాలో కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ ముచ్చట్లు పెట్టుకుంటారు. కృపమ్మ అటు నడిస్తే ఆ ముచ్చట్లు ఆగిపోతాయి. కోపంతో కాదు, మర్యాదతో. అందరూ లేచి నిలబడతారు. ఆమె దాటిపోయాక మళ్లీ కూర్చుంటారు. ఇరవై రెండేళ్లుగా తన వెనుక వాళ్లు కూర్చునే ఆ చప్పుడు ఆమె వింటూనే ఉంది. ఎన్నడూ ఎవరూ, కూర్చోమ్మా, జర సేపు మాతో కూర్చో అనలేదు. ఆమె కూడా అడగలేదు. మేట్రన్ అన్నాక అట్లా ఉండాలని, గృహం నడిపిన మిషనరీ పెద్ద దొరసాని మొదట్లోనే నేర్పింది.

గేటు పక్క గదిలో ఆమెకొక మంచం, ఒక పెట్టె, గోడకు ఒక సిలువ. పళ్లెం వంటశాల నుంచి మూత పెట్టి వస్తుంది. చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా తినేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకుంటుంది. కాజీపేటలో ఉండే అన్న పోయిన తరువాత ఆమెకు క్రిస్మస్ పండుగకైనా పోవలసిన ఇల్లంటూ లేదు.

నాలుగో రోజు సాయంత్రం వరండాలో లేచి నిలబడ్డ వాళ్లలో ఒకామె అక్కడితో ఆగలేదు. కృపమ్మ వెంట గేటు దాకా నడిచి వచ్చింది. ఆమె సమ్మమ్మ. పాలంపేట దగ్గరి మనిషి. మొగుడు పోయాక మరుదులు ఇంట్లో నుంచి వెళ్లగొడితే ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని పదకొండు నెలల కిందట వచ్చింది. చిన్నది పద్మకు మూడేళ్లు. తల్లి చెవి పట్టుకోనిదే నిద్రపోదు.

ఏమనుకోవద్దు, ఒక మాట అడుగుతానంది సమ్మమ్మ. అడగమంది కృపమ్మ.

"మమ్ముల పంపుతాన్రని అందరంటాన్రు. పిల్లలను మంచిగనే చూసుకుంటరు, నాకెర్కే. మరి పిల్ల తల్లిని మరిచిపోవడానికి ఎన్ని దినాలు పడ్తదమ్మా? ఇన్నేండ్ల సంది ఈడ ఉన్నవు, నీకైతే ఎర్కుంటదని అడుగుతాన."

వెటకారం కాదది. ఎంత దూరం, ఎంత సేపు అని దారి అడిగినట్టుగా అడిగింది. కృపమ్మ ఆమెతో, పోయి పిల్లకు అన్నం పెట్టుకోమని చెప్పి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ పూట వచ్చిన పళ్లెం మూత తీయకుండానే వెనక్కి పోయింది.

మరునాడు శనివారం. మధ్యాహ్నం సుందర్ రావు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, సన్నగా ఉంటాడు, కళ్లద్దాలు. హనుమకొండలోనే కాలేజీలో పాఠాలు చెబుతాడు. చెడ్డవాడు కాడు. ఆ వానాకాలం మొదట్లో తల్లుల్లేని పిల్లలు పడుకునే హాలు కురుస్తుంటే తానే పైకెక్కి పగిలిన పెంకులు మార్చాడు. అయినా పిల్లల్లో ఎవరినీ దగ్గరికి తీసుకోగా, తల నిమరగా కృపమ్మ చూడలేదు.

కృపమ్మను ఆఫీసు గదికి పిలిచి, తల్లులకు ఇంకా ఎందుకు చెప్పలేదని అతను అడిగాడు. ఆమె కూర్చోలేదు. బల్లకు ఇవతల నిలబడి, చెప్పను అంది. ఇరవై రెండేళ్లలో గృహం సెక్రెటరీతో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

అతను కోపం తెచ్చుకోలేదు. ఓపికగా నచ్చజెప్పాడు. తొమ్మిది కుటుంబాలు ఉండే చోట అరవైమంది పిల్లలు ఉండవచ్చు. తల్లులు నాట్ల కాలం రాగానే, కోతలు రాగానే పిల్లలను బడి మాన్పించి వెంట తీసుకుపోతున్నారు. నిరుడు అట్లా పోయిన ముగ్గురు పిల్లలు మళ్లీ రాలేదు. తల్లి దగ్గర లేని పిల్లలే బాగా చదువుకుంటున్నారు. లెక్క చూస్తే అతను చెప్పినవన్నీ నిజాలే. పిల్లలు బెంగ పెట్టుకుంటారని కృపమ్మ అంటే, కొన్నాళ్లకు పోతుందన్నాడు. తల్లి ఉండీ లేకుండా చేయడం పాపం అంటే, కాసేపు కిటికీ వైపు చూసి, సొరుగు లాగి ఒక పాత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

మడతల దగ్గర చిరిగి, పసుపు పచ్చబడిన కాగితం అది. అడుగున నల్లటి వేలిముద్ర. దాన్ని గుర్తుపట్టడానికి ఆమె చేతిలోకి తీసుకోనక్కరలేకపోయింది.

"వచ్చిన మొదటి వారమే పాత ఫైళ్లల్ల దొరికింది" అని అతను దాన్ని పైకి చదివాడు. "నేను, చిలుకమ్మ, నా కుమారుడు పోశయ్యను నా యిష్టపూర్వకముగా గృహమువారికి వదిలివేయుచున్నాను. ఇక మీదట వానిపై నాకెట్టి హక్కును లేదు. వానిని చూచుటకు గాని, తీసికొని పోవుటకు గాని రానని యిందుమూలముగా ఒప్పుకొనుచున్నాను."

చదివి మళ్లీ మడత పెట్టాడు. గొంతు మారలేదు.

"తల్లులకు ప్రేమ ఉండదని నేననను మేట్రన్ గారూ. అవసరం పడితే వదిలేస్తరు. వదిలేసేటప్పుడు పిల్లకు తెలుస్తది. అప్పటిదాకా ఒక్క గదిలో ఉంచి, ఒక్క చాప మీద పండనిచ్చి, ఆ తరువాత తెంపుడు కన్నా ముందే వేరు చేసుడు మంచిది. ఆమె పోయిన రోజు నేను ఆ కిటికీ దగ్గరనే నిలబడ్డ. గేటు దాటింది, రోడ్డు ఎక్కింది, మూల తిరిగింది. ఒక్కసారన్న వెనక్కి చూడలేదు. తొమ్మిదేండ్లు నాకు. చూడలేదన్నది మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు."

ఈ తొమ్మిదిమంది తల్లుల కోసం కృపమ్మ దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే. అది బయటపెడితే ఆ గేటు పక్క గది కూడా తనది కాకుండా పోతుంది. ఎవరి వాకిట్లో నిలబడాలో ఆమెకు తెలియదు. చెవి పట్టుకుని నిద్రపోయే పిల్ల గుర్తొచ్చింది. సమ్మమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది.

"ఆ కాయితం నేనే రాసిన" అంది.

తెలుసన్నాడు అతను. తనకు అక్షరాలు దిద్దించింది ఆమేననీ, ఆ రాత ఎక్కడ చూసినా పోల్చుకోగలననీ అన్నాడు.

"రాసింది నేనే. మీ అమ్మకు చదివి వినిపించింది గూడ నేనే. కానీ రాసింది చదవలే."

అతను తల ఎత్తాడు. అర్థం కానట్టు చూశాడు. కృపమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది. ఆగితే మళ్లీ చెప్పలేనని ఆమెకు తెలుసు.

అప్పుడు తనకు ఇరవై రెండేళ్లు. పనిలో చేరి ఏడాది. మగపిల్లవాడికి తొమ్మిదేళ్లు నిండితే ఆడవాళ్ల గదుల్లో ఉండకూడదని గృహంలో నియమం. పిల్లవాడు సికింద్రాబాదు బోర్డింగు బడికి పోవాలి. పిల్లలు దగ్గర లేని తల్లికి గది లేదు. చిలుకమ్మ అందుకు ఒప్పుకోలేదు. కొడుకును తీసుకుని ఊరికి పోతానంది. ఊరికి పోతే వాడు దొర పసులు కాయాలి, వెట్టి చేయాలి, తండ్రి చేసినట్టే. చురుకైన పిల్లవాడు, పాడైపోతాడని పెద్ద దొరసాని అంది. ఎట్లాగైనా వేలిముద్ర వేయించమని కృపమ్మకు చెప్పి కాగితం రాయించింది.

"నాకు గూడ గట్లనే అనిపించింది. నువ్వు చదువుకోవాలె, అంతే. ఆమెను కూర్చోబెట్టి కాయితం పట్టుకుని చదివిన. పోశయ్యను రెండేండ్లు బడికి పంపుతాన్రు, రెండేండ్లకు తల్లి వచ్చి చూసుకుని, ఇష్టమైతే తీసుకపోవచ్చు అని చదివిన. ఒక్క అక్షరం గూడ అండ్ల లేదు. ఆమె రెండుసార్లు చదివించుకుంది. రెండుసార్లు అదే అబద్ధం చదివిన. అప్పుడు వేలు ముందుకు పెట్టింది."

సుందర్ రావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వెనక్కి చూడొద్దని నేనే చెప్పిన" అంది కృపమ్మ. "నువ్వు చూస్తే పిల్లగాడు ఏడుస్తడు, రెండేండ్లే గదా, చూడకుంట పో అన్న. నా మాట విన్నది. మూల తిరిగినంక మొరం మీద కూలబడి ఏడ్చింది. నేను గేటు కాడ నిలబడి చూసిన. నీకు కనపడలే."

బయట పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. పన్నెండో ఎక్కం సగంలో తప్పి మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.

తరువాత రాలేదా అని అతను అడిగాడు. వచ్చిందని చెప్పింది కృపమ్మ. సరిగ్గా రెండేళ్లకు వచ్చింది. వాడికి సరిపోతుందో లేదోనని ఒక అంగీ కొలతకు కాస్త పెద్దదే కుట్టించి తెచ్చింది. అప్పటికి వాడి పేరు మారింది, బాప్తిస్మం అయింది. ఏ బడిలో ఉన్నాడో చెప్పవద్దని దొరసాని ఆజ్ఞ. కృపమ్మ ఆ కాగితం తెచ్చి, ఇందులో ఇట్లా ఉందని, ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివింది. చిలుకమ్మ అరవలేదు, తిట్టలేదు. నువ్వు నాకు చదివింది ఇదేనా బిడ్డా అని మాత్రం అడిగింది. కృపమ్మ తల వంచుకుంది. మరుసటి ఏడు మళ్లీ వచ్చింది. ఆ పై ఏడు వచ్చి, ఏమీ అడగకుండా పొద్దున నుంచి సాయంత్రం దాకా గేటు ఎదుట కూర్చుని లేచిపోయింది. ఆ తరువాత రజాకార్ల గొడవలు, పోలీసు యాక్షన్, ఊళ్లకు ఊళ్లు చెదిరిపోయిన రోజులు. మళ్లీ కనిపించలేదు. దొరసాని తన దేశం వెళ్లిపోయింది. చెప్పవద్దన్న మనిషి పోయాక కూడా కృపమ్మ చెప్పలేదు.

"ఉన్నదా?"

అతని గొంతు ఎప్పుడో విన్న గొంతులా ఉంది. జ్వరం వచ్చిన రోజు అన్నం వద్దనే పిల్లవాడి గొంతులా ఉంది.

ఉంది అని చెప్పింది. సమ్మమ్మ చేరిన రోజు ఊరి సంగతులు చెబుతూ, మా పక్కన చిలుకమ్మ అని ఒక ఒంటరి మనిషి ఉందనీ, ఒకే కొడుకట, పట్నంలో ఎక్కడో పోగొట్టుకుందట అనీ అన్నది. పాలంపేటలో చెరువు కింది పొలాల్లో నాట్లకూ కోతలకూ పోతుంది. పదకొండు నెలలుగా ఆ మాట కృపమ్మ కడుపులో ఉంది.

"పదకొండు నెలలు" అన్నాడు సుందర్ రావు. "నేను రోజూ నీ ముందట తిరిగి మూడు నెలలాయె. ఎందుకు చెప్పలేదక్కా?"

మేట్రన్ గారూ అని కాదు, అక్కా అన్నాడు. చిన్నప్పుడు కృపక్కా అని పిలిచేవాడు. ఆ పిలుపు ఆమె ముఖం మీద కొట్టినట్టు తగిలింది. ఈ గృహంలో ఆమెను అక్కా అని పిలిచిన మనిషి అతనొక్కడే, ఇన్నేళ్లకు మళ్లీ పిలిచింది ఈ మాట అడగడానికి.

"భయం" అంది. "నాకు ఈ ఇల్లు తప్ప ఇల్లు లేదు. చెప్తే ఇది గూడ పోతదని."

అతను లేచి కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ తీర్మానం సంగతి ఏమవుతుందని ఆమె అడగలేదు. అడిగే హక్కు తనకు లేదనిపించింది. కాసేపటికి అతనే చెప్పాడు. తల్లులకు సోమవారం దాకా ఎవరూ ఏమీ చెప్పవద్దు. రేపు ఆదివారం, పొద్దుటి బస్సుకు పాలంపేట పోవాలి. ఆమె కూడా రావాలి.

"రాను అనొద్దు. నేను ఆమెను పోల్చుకోలేకపోతే నువ్వు చూపియ్యాలె. కానీ నేనెవరినో నేనే చెప్త. నువ్వు నోరు తెరవద్దు."

కృపమ్మ తల ఊపింది.

ఆదివారం ఆమె చర్చికి పోలేదు. ములుగు బస్సులో ముందు సీటులో అతను, రెండు వరుసల వెనుక ఆమె. దారి పొడుగునా అతని మెడ వెనుక భాగమే ఆమెకు కనిపించింది. చిలుకమ్మది కూడా అట్లాంటి పొడుగాటి మెడే. ములుగులో దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నారు. బండిలో ఎదురెదురుగా కూర్చోక తప్పలేదు. అతను ఒక్కసారి మాత్రం మాట్లాడాడు. అంగీ ఏం రంగుదని అడిగాడు. నీలి గీతలదని చెప్పింది. దాన్ని ఏం చేశారంటే, ఆమె మళ్లీ మూట కట్టుకుని తీసుకుపోయిందని చెప్పింది. అతను ఇటు తిరిగి చూడలేదు.

పాలంపేట చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. మొన్న పడ్డ వానకు మళ్లు నిండి ఉన్నాయి. చెరువు కింద దాదాపు ఇరవైమంది ఆడవాళ్లు వరుసలో వంగి, పాట పాడుకుంటూ నాటు వేస్తున్నారు. గట్టు మీద బూట్లు చేతిలో పట్టుకుని, ప్యాంటు మడిచి వస్తున్న మనిషిని చూసి పాట ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. కృపమ్మ వరుసను మొదటి నుంచి చూసుకుంటూ పోయింది. చివరి నుంచి మూడో మనిషి నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా నిటారుగా లేచింది. జుట్టు సగం నెరిసింది. ఎండకు కమిలిన ముఖం. మోకాళ్ల దాకా బురద.

చూపించవలసిన పని లేకుండానే సుందర్ రావు గట్టు మీద ఆగిపోయాడు.

చిలుకమ్మ ముందు అతనిని చూడలేదు. కృపమ్మను చూసింది. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. చేతిలో నారు పక్కామెకు ఇచ్చి, బురదలో కాళ్లు లాక్కుంటూ గట్టు దగ్గరికి వచ్చింది.

"ముసలిదానివైనవు బిడ్డా" అంది.

కృపమ్మ పెదవులు కదిలాయి. నోరు తెరవద్దన్న మాట గుర్తొచ్చి ఊరుకుంది. అప్పుడు చిలుకమ్మ పక్కన ఉన్న మనిషి వైపు తిరిగి, తెల్ల చొక్కా, కళ్లద్దాలు చూసి, కొంగు తల మీదికి లాక్కుంది. ఈ సారు ఎవరని అడిగింది.

ఏం చెప్పాలో అతను రాత్రంతా మాటలు కూర్చుకున్నాడు. బస్సులో కూర్చుకున్నాడు. రెండుసార్లు నోరు తెరిచాడు. మూడోసారి, కాలేజీలో, కమిటీలో, ఆఫీసుల్లో అలవాటైన మాట తనంతట తానే బయటికి వచ్చింది.

"నేను ఆదరణ గృహం సెక్రెటరీని" అన్నాడు.

కృపమ్మ చటుక్కున అతని వైపు తిరిగింది. అతను పాలిపోయి నిలబడ్డాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి వేరే మాట దొరకలేదు.

చిలుకమ్మ వంగి కాలువ నీళ్లలో చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. తరువాత రెండు చేతులూ జోడించి, తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది.

"సెక్రెటరీ అంటే పెద్ద సారువే గదా. కాయిదాలన్నీ నీ తాననే ఉంటయ్. ఇన్నేండ్ల సంది అడుగుతాన, ఒక్కరన్న చెప్పకపోతిరి. నువ్వన్న చెప్పు సారూ. నా కొడుకు పోశయ్యను ఏడికి పంపిన్రు?"